గూగుల్ల దొరికినంత మాత్రాన ఆ ఫొటో మనదైతదా?

2024 సెప్టెంబర్ 1 నాడు మున్నేరు పొంగి ఖమ్మంల కాలనీలకు కాలనీలే మునిగినయి. ప్రకాశ్‌నగర్ బ్రిడ్జి మీద జనం చిక్కుకుంటే జేసీబీ తోలుకపోయి పట్టుకొచ్చిన సంగతి అందరికీ యాదికే ఉంటది. ఆ రెండు మూడు రోజులు మనం చూసిన ఫొటోల్ల, వీడియోల్ల ఎన్నో డాబాల మీదికెక్కి మామూలు జనం ఫోన్లతోని తీసినయే. అసొంటి టైంల పొద్దుగాల వాట్సాప్ గ్రూపుల పడ్డ ఫొటో పగటాళ్లకు ఏదో ఒక ఛానల్ లోగో ఏసుకొని తిరుగుతుంటది. మోకాల్లోతు నీళ్లల్ల నిలవడి తీసినోని పేరు మాత్రం ఎక్కడా ఉండదు. "వాట్సాప్‌ల వచ్చింది గదా, ఎవనిదైతే ఏంది" అంటరు.

ఇప్పుడు ఇంకో దిక్కు చూడుండ్రి. అదే పోరడు ఊర్ల ఒక యూట్యూబ్ ఛానల్ నడుపుతుంటడు. మార్కెట్ యార్డుల పత్తి ధర మీద వీడియో చేసిండు. తంబ్‌నెయిల్‌కు గూగుల్ల పత్తి బస్తాల ఫొటో ఒకటి దొరికితే పెట్టిండు. వారం తిరిగేసరికి స్ట్రైక్ పడుతది, లేకుంటే "మా ఫొటో వాడుకున్నరు, ఇన్ని పైసలు కట్టుండ్రి" అని మెయిల్ వస్తది. "గూగుల్ల ఉన్నది గదా, ఎవరిదైతే ఏంది అనుకున్న" అంటడు.

రెండు మాటలు ఒక్కటే. ఒకసారి మనల్ని ముంచుతది, ఇంకోసారి మనతోని మందిని ముంచిపిస్తది. ఊర్లల్ల ఫోన్ పట్టుకున్న ప్రతి పోరడు, ప్రతి పిల్ల ఇయ్యాల ఫొటో వాడెటోళ్లే కాదు, తీసెటోళ్లు సుత. కాపీరైట్ గురించి మాట్లాడేటోళ్లు మనల్ని దొంగల లెక్కనే చూసి భయపెడుతరు గానీ, మీరు ఓనర్లు సుత అని ఎవ్వరూ చెప్పరు.

మన దగ్గర దీనికి 1957 కాపీరైట్ చట్టం ఉన్నది. ఫొటో మంచిగున్నదా, మసకగున్నదా అని ఆ చట్టం అడగదు. ఫోన్‌ల తీసినా, లక్ష రూపాయల కెమెరాతోని తీసినా ఒక్కటే. క్లిక్‌మన్న నిమిషంలనే హక్కు పుడుతది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, మూలకు గుండ్రం గీసి లోపల సీ అక్షరం పెట్టుడు సుత అక్కెర లేదు. అంటే "దీని మీద కాపీరైట్ గుర్తు లేదు, కాబట్టి ఫ్రీ" అనేది వట్టి మాట. ఆ హక్కు తీసినోడు బతికున్నన్ని రోజులు, ఆయన పోయినంక ఇంకో 60 ఏండ్లు ఉంటది. ఇంతకుముందు ఫొటోలకు లెక్క వేరే ఉండె, అచ్చయినప్పటి నుంచి 60 ఏండ్లు అని. 2012 సవరణల అది పోయింది. ఆరో నిజాం కొలువుల ఫొటోలు తీసిన రాజా దీన్‌దయాళ్ 1905లనే చనిపోయిండు, ఆయన తీసిన పాత హైదరాబాద్ ఫొటోల మీద ఇయ్యాల ఎవరికీ కాపీరైట్ ఉండదు. గానీ 1970లల్ల తీసిన ఫొటోను "పాతదే గదా" అని వాడుకుంటే లెక్క తప్పుతది.

మరి ఓనరు ఎవరు? మామూలుగ అయితే తీసినోడే. ఫొటోల ఉన్నోడు కాదు. ఇది మనోళ్లకు తొందరగ ఎక్కదు. "నా మొఖం ఉన్నది, నా ఫొటో" అంటరు. నీ మొఖం మీద నీకు హక్కు ఉన్నది, అది వేరే ముచ్చట. నాగార్జున 2025ల ఢిల్లీ హైకోర్టుకు, చిరంజీవి హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టుకు పోయి తమ పేరు, బొమ్మ అడగకుండ వ్యాపారానికి వాడొద్దని ఆర్డర్లు తెచ్చుకున్నది ఆ ముచ్చటనే. కాబట్టి హీరో ఫొటో పెట్టి బిర్యానీ సెంటర్ ఫ్లెక్సీ కొట్టిస్తే రెండు తలుపులు కొట్టాలె. ఫొటో తీసినోనిది ఒకటి, హీరోది ఒకటి. పుట్టినరోజు ఫ్లెక్సీల మీద ఎవరూ కేసులు ఏస్తలేరంటే అది వాళ్ల ఓపిక గానీ, మనకు పర్మిషన్ ఉన్నట్టు కాదు.

పెండ్లి ఫొటోల కాడ చట్టం ఉల్టా తిరుగుతది. పైసలిచ్చి మీరు ఫొటోగ్రాఫర్‌ను పిలిపించుకుంటే, వేరే ఒప్పందం రాసుకోకుంటే, ఆ ఫొటోలకు మొదటి ఓనరు మీరే. సెక్షన్ 17 అట్ల చెప్తది. స్టూడియో అతను మిమ్మల్ని అడగకుండ మీ అక్క పెండ్లి ఫొటో ఫ్లెక్సీ చేసి దుకాణం ముందట పెట్టుకుంటే, వద్దని అడిగే హక్కు మీకున్నది. జీతానికి పని చేసేటోళ్లు డ్యూటీల భాగంగ తీసిన ఫొటోలు మామూలుగ కంపెనీకి పోతయి. ఈ లెక్కలు ఎంత దూరం పోతయో నయనతార, ధనుష్ లొల్లిల చూసినం. 2024 నవంబర్‌ల నయనతార మీద వచ్చిన నెట్‌ఫ్లిక్స్ డాక్యుమెంటరీల ఒక పాత సిన్మా షూటింగ్ కాడ తీసిన 3 సెకన్ల ముక్క పెట్టిండ్రు. సిన్మా ప్రొడ్యూసర్ ధనుష్ 10 కోట్లు అడుగుతూ నోటీసు పంపిండు. అది సొంత ఫోన్లల్ల తీసుకున్న వీడియో అని ఆమె బహిరంగంగ ఉత్తరం రాసింది. పంచాయితీ మద్రాస్ హైకోర్టుకు పోయింది. ఎవరిది ఒప్పు అనేది కోర్టు చెప్తది గానీ, "నా ఫోన్‌ల తీసిన గదా" అంటే ప్రతిసారి ముచ్చట ఖతం కాదని మాత్రం తెలిసింది.

ఇప్పుడు అసలు ముచ్చటకొద్దాం. ఇతరుల ఫొటో అడగకుండ ఎప్పుడు వాడొచ్చు?

సెక్షన్ 52ల ఒక కిటికీ ఉన్నది. దాన్ని ఫెయిర్ డీలింగ్ అంటరు. సొంతానికి, చదువుకు, పరిశోధనకు వాడుకుంటే ఒకటి. విమర్శకు, సమీక్షకు వాడితే రెండు. జరుగుతున్న విషయాల మీద వార్త చెప్పేటందుకు వాడితే మూడు. ఊరి ఛానల్ పెట్టుకున్నోనికి ఈ రెండోది, మూడోది ప్రాణం. గానీ చట్టంల ఎక్కడా "ఇన్ని సెకన్లు ఫ్రీ", "ఇంత శాతం ఫ్రీ" అని లేదు. 7 సెకన్ల రూలు, 30 సెకన్ల రూలు అనేటియన్నీ రచ్చబండ మీద పుట్టిన రూల్సే. ఎందుకు వాడినవు, ఎంత వాడినవు, నీ వాడకంతోని ఓనరు బేరం దెబ్బతిన్నదా అని కోర్టులు చూస్తయి.

ఫొటోకు ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. గంట వీడియోల నుంచి 10 సెకన్లు కోసుకోవచ్చు, పుస్తకంల నుంచి రెండు లైన్లు తీసుకోవచ్చు. ఫొటోను ఎట్ల కోస్తవు? పెడితే మొత్తం పెట్టాలె. అందుకే ఫొటో కాడ "జరంతనే వాడిన" అనే జవాబు నడువది. ఎందుకు వాడినవు అనే ప్రశ్న ఒక్కటే బరువుగ మిగులుతది. నా లెక్కల దీన్ని ఇట్ల పట్టుకోవచ్చు: ఆ ఫొటోనే వార్త అయితే కిటికీ తెరిచి ఉన్నట్టు, ఆ ఫొటో వార్తకు సోకు కోసం అయితే మూసి ఉన్నట్టు. ఒక లీడర్ ఫొటోను మార్ఫింగ్ చేసి తిప్పుతున్నరు అనుకో. అది అబద్ధం అని చెప్పాలంటే ఆ ఫొటో చూపెట్టాల్సిందే, దాని మీదనే మన మాట నడుస్తది. ఒక పేపర్ల పడ్డ ఫొటో జనాన్ని తప్పుదోవ పట్టిస్తున్నదని విమర్శించాలంటే దాన్ని చూపెట్టకుండ ఎట్ల? ఇయ్యి కిటికీల పడుతయి. అదే "రేపు వానలు" అనే వార్తకు ఎవరో కష్టపడి తీసిన మెరుపు ఫొటో పెట్టిండ్రనుకో. ఆ ఫొటో లేకున్నా వార్త నిలవడుతది. అక్కడ అడగాలె, లేకుంటే కొనాలె, లేకుంటే ఫోన్ తీసుకొని బయటికి పోయి మొగులును మనమే తీయాలె.

నడుమ మసక జాగ ఉన్నది, కాదంటలేను. ప్రమాదం జరిగిన జాగల ఒక్కనే ఉండి తీసిన ఒక్కటే ఫొటో ఉంటది. అది వార్తనా, సోకా? జనానికి తెలువాల్సిన సంగతి అదే అని ఒక దిక్కు అనొచ్చు. ఆ ఫొటోను పేపర్లకు అమ్ముకునే బతుకు ఆయనది, మొత్తం మందే ఏసుకుంటే ఆయనకేం మిగులుతది అని ఇంకో దిక్కు అనొచ్చు. నేనైతే రెండో దిక్కే నిలవడుత. ఆయనకు ఒక ఫోన్ చేసి అడుగుడు ఎంతసేపు?

ఇగ క్రెడిట్ ముచ్చట. "ఫొటో కర్టసీ: గూగుల్" అని రాసే అలవాటు మన వార్తా పేజీలకు మస్తు ఉన్నది. గూగుల్ ఫొటో తీయలేదు, ఎక్కడున్నదో చూపెట్టింది, గంతే. బస్టాండ్‌ల బోర్డు చూసి ఊరికి పోయినంత మాత్రాన ఆ ఊరు బోర్డుది అయితదా? అసలు ఓనరు పేరే రాసినా, పేరు రాసుడు మర్యాద గానీ పర్మిషన్ కాదు. వార్తకు, విమర్శకు వాడుకున్నప్పుడు కూడా పేరు రాయాలె, అది మన నియ్యత్ మంచిదని చూపెడుతది. గానీ పర్మిషన్ కావాల్సిన కాడ పేరు రాస్తే సరిపోదు. "కాపీరైట్ ఉల్లంఘించే ఉద్దేశం లేదు" అని వీడియో కింద రాసుడు సుత అసొంటిదే. వాటర్‌మార్క్ కోసేసుడు, ఫొటోను ఉల్టా తిప్పుడు ఇంకా మోసం. ఓనరు పేరు, వివరాలు కావాలని తీసేస్తే అది వేరే నేరం, సెక్షన్ 65బీ కింద రెండేండ్ల దాకా జైలు ఉన్నది. మామూలు ఉల్లంఘనకైతే సెక్షన్ 63 కింద 6 నెలల నుంచి 3 ఏండ్లు, 50 వేల నుంచి 2 లక్షల జుర్మానా. వ్యాపార లాభం కోసం చేయకుంటే కోర్టు తగ్గించొచ్చు. ఇది పోలీసులు వారంట్ లేకుండ పట్టుకునే, బెయిల్ హక్కుగ రాని నేరం అని 2022ల సుప్రీంకోర్టు నిట్ ప్రో కేసుల చెప్పింది. ఒక తంబ్‌నెయిల్ కోసం ఇంత దూరం పోయేటోళ్లు తక్కువనే గానీ, కాయితం మీద ఉన్నదైతే ఇది.

అయితే ఊరి ఛానల్‌కు అసలు భయం జైలు కాదు, స్ట్రైక్. యూట్యూబ్‌ల 90 రోజుల్ల 3 కాపీరైట్ స్ట్రైకులు పడితే ఛానలే తీసేసే దాకా పోతది. మూడేండ్ల కష్టం మూడు మెయిళ్లతోని పోతది. 2025 మే నెలల యూట్యూబర్ మోహక్ మంగల్ ఈ ముచ్చటను బయట పెట్టిండు. తన వీడియోల్ల ఏఎన్‌ఐ వార్తాసంస్థ దృశ్యాలు కొన్ని సెకన్లు వాడినందుకు స్ట్రైకులు ఏసిండ్రని, తీసెయ్యాలంటే లక్షల రూపాయలు అడిగిండ్రని ఆరోపించిండు. ఇంకొందరు యూట్యూబర్లు సుత అట్లనే చెప్పిండ్రు. మా కంటెంట్‌ను కాపాడుకునే హక్కు మాకు చట్టం ఇచ్చింది, అదే వాడుతున్నం అన్నది ఏఎన్‌ఐ వాదన. వాళ్లు ఢిల్లీ హైకోర్టుల పరువునష్టం దావా ఏసిండ్రు, కోర్టు చెప్తే మంగల్ వీడియోల కొన్ని భాగాలు తీసెయ్యడానికి ఒప్పుకున్నడు. గానీ ఆ ఒప్పుకునుడు పరువు గురించి. కొన్ని సెకన్ల వాడకం ఫెయిర్ డీలింగ్ అయితదా కాదా అని దాంతోని తేలలేదు.

నాకు ఇక్కడ కనపడే అన్యాయం ఒకటున్నది. చట్టంల కిటికీ ఉన్నది, నిజమే. గానీ అది తెరిచి ఉన్నదో లేదో చెప్పాల్సింది కోర్టు. స్ట్రైక్ మాత్రం కోర్టు కంటె ముందే పడుతది. తప్పుగ ఏసిండ్రనుకుంటే యూట్యూబ్‌ల కౌంటర్ నోటిఫికేషన్ పెట్టొచ్చు. అవతలోళ్లు 10 పని దినాల్ల కోర్టుకు పోయినట్టు చూపెట్టకుంటే వీడియో వాపస్ వస్తది. గానీ దాంట్ల అసలు పేరు, అడ్రస్ రాయాలె, అది అవతలోనికి పోతది. పెద్ద కంపెనీతోని కోర్టుకు సై అని ఊర్ల ఉన్న పోరడు ఎట్ల రాస్తడు? అందుకే కిటికీ తెరిచున్నా చాలామంది దానిలకెళ్లి చూడకుండనే వీడియో తీసేస్తరు. ఫొటో తీసినోని కూలి కాపాడాల్సిన చట్టం, మాట మూయించే గొళ్లెం అయితున్నది. వార్తలకు వాడుకునే ఫొటోలకు, చిన్న ఛానళ్లు కట్టగలిగే రేటు ముందే బహిరంగంగ పెట్టాలె. స్ట్రైక్ ఏసినంక బేరం మొదలువెట్టుడు బంద్ కావాలె. సర్కారు ఈ ముచ్చట మీద నోరు తెరువాలె.

ఎవరన్న పైసలడుగుతూ మెయిల్ పంపితే ఆగమాగం కావొద్దు. మొదలు ఆ ఫొటో తీసెయ్యుండ్రి, గానీ మెయిల్‌ను, స్క్రీన్‌షాట్లను దాచిపెట్టుండ్రి. ఫొటో మీదే అని రుజువు చూపెట్టుమని అడుగుండ్రి, ఎందుకంటే ఓనరు కానోళ్లు సుత పైసల కోసం బెదిరిస్తుంటరు. హక్కు లేకుండ ఊరికే బెదిరించేటోళ్ల మీద మనమే దావా ఏయొచ్చని సెక్షన్ 60 చెప్తది. వకీలు ఫీజు ఎక్కడ తేవాలె అంటరా, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉన్నది. ఆడోళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, ఆదాయం తక్కువున్నోళ్లకు ఫ్రీగ వకీలును ఇస్తరు. ఫోన్ నంబర్ 15100.

ఫ్రీ ఫొటోలు కావాలంటే దొరుకుతయి. వికీమీడియా కామన్స్‌ల లక్షల ఫొటోలు ఉన్నయి, ఒక్కొక్కదాని కింద షరతు రాసి ఉంటది, పేరు రాయమంటే రాయాలె. గూగుల్ ఇమేజెస్‌ల సుత టూల్స్ నొక్కి, యూసేజ్ రైట్స్‌ల క్రియేటివ్ కామన్స్ పెట్టుకుంటే అసొంటివే చూపెడుతది. సర్కారు వెబ్‌సైట్ల అడుగున కాపీరైట్ పాలసీ అని ఉంటది, సర్కారు ఫొటోలన్నీ ఫ్రీ అనుకోకుండ అది ఒకసారి చదువుండ్రి. హైదరాబాద్‌ల 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం లెక్క అందరూ పోయే జాగల శాశ్వతంగ ఉన్న విగ్రహాన్ని మీరు ఫొటో తీసి వాడుకోవచ్చు, శిల్పిని అడగక్కర లేదు, ఆ ఫొటో మీదే. అదే విగ్రహానికి ఇంకొకరు తీసిన ఫొటో మాత్రం వాళ్లది.

మళ్ల మున్నేరు ఫొటో తీసిన పోరని కాడికి వస్త. మండలాలల్ల స్ట్రింగర్లుగ పని చేసేటోళ్లకు, వాట్సాప్ గ్రూపుల ఫొటోలు పంపేటోళ్లకు ఇది ముఖ్యం. పైసా తీసుకోకుండ, మీ అంతట మీరు తీసి పంపిన ఫొటో, పంపినంత మాత్రాన ఛానల్‌ది అయిపోదు. కాపీరైట్ రాసిచ్చుడు అంటే నిజంగనే రాసిచ్చుడు, కాయితం లేకుండ చెల్లదు. ఆ రోజు వార్తకు వాడుకోమన్నట్టు అయితది గానీ, ఏడాది తర్వాత దాన్ని అడ్వర్టైజ్‌మెంట్ల పెట్టుకోమన్నట్టు కాదు. సంతకం పెట్టుమని కాయితం ఇస్తే ఎన్నేండ్లకు, ఎక్కడెక్కడ వాడుకునేటందుకో చూడుండ్రి. ఎన్నేండ్లో రాయకుంటే చట్టం దాన్ని 5 ఏండ్లకే లెక్క కడుతది. ఒకవేళ మొత్తం రాసిచ్చినా, తీసింది నేనే అని చెప్పుకునే హక్కు సెక్షన్ 57 కింద మీ కాడనే ఉంటది.

అసలు ఫైల్ ఫోన్‌ల నుంచి తీసెయ్యకుండ్రి. వాట్సాప్‌ల మామూలుగ పంపిన ఫొటో సైజు తగ్గుతది, ఎప్పుడు ఏ ఫోన్‌తోని తీసినవో చెప్పే వివరాలు పోతయి. డాక్యుమెంట్ లెక్క పంపితే ఫైల్ ఉన్నది ఉన్నట్టు పోతది. రేపు పంచాయితీ వస్తే ఆ అసలు ఫైలే మీ పట్టా పాస్‌బుక్. మీ ఫొటో ఎవరన్న అడగకుండ వాడుకుంటే కేసు ఏయడానికి హైదరాబాద్‌కో, ఢిల్లీకో ఉరకాల్సిన పని సుత లేదు. ఓనరు ఉండే జాగ, లేకుంటే పని చేసుకునే జాగ ఏ జిల్లా కోర్టు కిందికి వస్తదో ఆడనే ఏయొచ్చని సెక్షన్ 62ల ఉన్నది. అవతలోళ్లే మన జిల్లాకు రావాలె.

ఇప్పటికైతే ఫొటో పంపేటప్పుడు దాని కింద ఒక్క లైను కొట్టుండ్రి: "ఈ ఫొటో నేను తీసిన, ఈ వార్తకు నా పేరుతోని వాడుకోవచ్చు, వేరే దేనికైనా నన్ను అడగాలె." ఎవరన్న ఫొటో మీకు కావాల్సి వస్తే సుత ఇట్లనే రాసిన జవాబు అడిగి తీసుకొని, ఆ మెసేజ్ దాచిపెట్టుకోండ్రి.